రేడియో ఎవరు వింటున్నారు?

ఈరోజు బీసెంట్ రోడ్డులో చీరల షాపాయనకి రేడియో ప్రకటనల ఖర్చు వివరించడానికి వెళ్లాను. కాగితం చేతిలోకి తీసుకోకుండానే, "టీవీకైతే రేటింగులున్నాయి కదమ్మా, రేడియో ఎంతమంది వింటున్నారో ఎట్టా తెలుస్తది?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. డబ్బు పెట్టేది ఆయన.

టీవీ సంగతి చెప్పాను. మన దేశంలో టీవీ రేటింగులు లెక్కగట్టే సంస్థ బార్క్. వాళ్లు ఎంపిక చేసిన ఇళ్లలో మీటర్లు పెడతారు. ఛానల్ ధ్వనిలో మన చెవికి తెలియని గుర్తు కలిసి ఉంటుంది, మీటర్ దాన్ని పట్టుకుంటుంది. చూస్తున్నది ఎవరో చెప్పడానికి ఇంట్లోవాళ్లు ఎవరి బటన్ వాళ్లు నొక్కాలి.

అమెరికాలో ఆర్బిట్రాన్ సంస్థ అలాంటి మీటర్‌ని పేజర్ సైజులో చేసి మనిషి నడుముకే తగిలించింది. 2007లో ఫిలడెల్ఫియా, హ్యూస్టన్‌లతో మొదలుపెట్టి రేడియో రేటింగులు దానితోనే ఇచ్చారు. కారులోనైనా, దుకాణంలోనైనా చుట్టుపక్కల వినపడే స్టేషన్ గుర్తు అందులో నమోదవుతుంది. కదలికను పసిగట్టే సెన్సర్ కూడా ఉంది, బల్లమీద పడేసి రోజంతా పెట్టుకున్నామంటే కుదరదు. అంతకుముందు జనం విన్నది డైరీలో రాసిచ్చేవాళ్లు. గుర్తున్నదీ, ఇష్టమైనదీ రాస్తారు కదా! మీటరొచ్చాక చూస్తే, డైరీల్లో రాసినదానికంటే ఎక్కువ స్టేషన్లు చెవిన పడుతున్నాయి, ఒక్కోదాని దగ్గర ఉండేది మాత్రం తక్కువసేపు.

నాకు తృప్తి లేనిది ఒక్కచోటే. అమ్మ పొద్దున్నే విజయవాడ ఆకాశవాణిలో భక్తిరంజని పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంది. మధ్యలో పలకరిస్తే ఆగమని చెయ్యి చూపిస్తుంది, తలెత్తదు. ఆ వినడమూ, ఏలూరు రోడ్డు ఆటోలో నా చెవిన పడే పాటా మీటర్‌కి ఒకటే.

అయినా అలాంటి మీటర్ ఇక్కడా రావాలనే నా కోరిక. ఆటోల్లో, టైలరు షాపుల్లో వినేవాళ్లూ లెక్కలోకి రావాలి. మీటర్ ఎవరికిస్తున్నారన్నదీ ముఖ్యమే. నల్లజాతివాళ్లకీ హిస్పానిక్‌లకీ ఆ లెక్కల్లో తగిన చోటు లేదని 2008లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆర్బిట్రాన్ మీద దావా వేశారు.

చివరికి షాపాయనే దారి చూపించారు. ప్రకటన నెల రోజులు వేద్దాం, ఎక్కడ విని వచ్చారో బిల్లు కౌంటర్ కుర్రాడు అడిగి రాసుకుంటాడు అన్నారు. మళ్లీ జ్ఞాపకాల లెక్కే అనుకోండి, అయినా ఒప్పుకున్నాను. నోటుబుక్కులో గళ్లు గీశాను, ఇంట్లో, ఆటోలో, పనిచేసే చోట అని విడివిడిగా. రేపు పదింటికల్లా ఇచ్చిరావాలి.