ఎర్ర టోపీ పెట్టుకున్న రాపర్

రాప్ నాకు పెద్దగా పడదు. మావాడి గదిలోంచి బీట్ మొదలవగానే "కొంచెం సౌండ్ తగ్గించు నాన్నా" అని కేకేసే బ్యాచ్ నాది. అలాంటి నేను ఈ మధ్య ఒక సిరియన్ రాపర్ గురించి ఇంట్లో, ఆఫీసులో, ఆఖరికి ఆదివారం తెలుగు బడిలో కూడా చెప్పుకుంటూ తిరుగుతున్నాను. మా ఆయనైతే ఆ పేరు ఎత్తగానే దణ్ణం పెట్టేస్తున్నారు.

ఆ పేరు ఒమర్ ఆఫెండమ్. అసలు పేరు ఒమర్ షకాకీ. సిరియన్ తల్లిదండ్రులకు సౌదీ అరేబియాలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చి వాషింగ్టన్ డీసీ ప్రాంతంలో పెరిగాడు. వర్జీనియా యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదివి పాటల్లో పడ్డాడు. మొదట ఒక సూడాన్ స్నేహితుడితో కలిసి నోమాడ్స్ అనే జంటగా పాడాడు. అరబ్బు పేరుంటే చాలు, ఎయిర్‌పోర్టులో పక్కకి పిలిచే రోజులవి. ఇంగ్లీషూ అరబిక్కూ కలిపి రాప్ చేసేవాళ్ళు అప్పట్లో అమెరికాలో ఎంతమందో ఉండేవాళ్ళు కాదు. 2010లో సొంతంగా ఒక ఆల్బమ్ తెచ్చాడు. 2011 ఫిబ్రవరిలో, ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ ఇంకా గద్దె దిగకముందే, అక్కడి జనం కోసం ఇంకొందరు కళాకారులతో కలిసి చేసిన పాట ప్రపంచమంతా తిరిగింది. మరుసటి ఏడాది సిరియా మీద పాట. ఇవన్నీ మావాడు చెప్తే తెలిసినవే. వాటికి నేనేమీ కదిలిపోలేదు. నన్ను పట్టుకున్నది ఆఫెండమ్ చెప్పిన ఒక వీధి కథ.

ఎందుకంటే ఆ వీధిలో నేను రోజూ నడుస్తాను. మా ఆఫీసు న్యూయార్క్‌లోని లోయర్ మన్‌హాటన్‌లో. వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర, న్యూజెర్సీ నుంచి వచ్చే పాత్ (PATH) రైలు దిగి దక్షిణానికి నడిస్తే వచ్చే వాషింగ్టన్ స్ట్రీట్ 1880ల నుంచి అరవై ఏళ్ళ పాటు సిరియన్ల పేట. అప్పటి సిరియా అంటే ఒట్టోమాన్ ఏలుబడిలో ఉన్న ప్రాంతం, ఇప్పటి లెబనాన్ కూడా అందులోదే. అక్కడి నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళు ఇక్కడ దుకాణాలు పెట్టారు. చాలామంది సూదులు, లేసులు, జపమాలలు మూటగట్టుకుని అమెరికా ఊళ్ళమ్మట తిరిగి అమ్మారు. ఈ దేశంలో మొదటి అరబిక్ పత్రిక 1892లో న్యూయార్క్‌లోనే మొదలైంది. 1940ల్లో బ్రూక్లిన్ వైపు వెళ్ళే సొరంగ మార్గం కట్టడానికి ఈ ఇళ్ళన్నీ కూల్చేశారు. జనం నది దాటి బ్రూక్లిన్‌లోని అట్లాంటిక్ అవెన్యూ వైపు వెళ్ళిపోయారు.

ఇప్పుడు మిగిలినవి పక్కపక్కనే మూడు బిల్డింగులు. ఒకటి పాత సెయింట్ జార్జ్ చర్చి. దాని ముందుగోడ తెల్లటి టెర్రకోట. తల ఎత్తి చూస్తే, గుర్రం మీద కూర్చుని డ్రాగన్‌ను పొడుస్తున్న సెయింట్ జార్జ్ బొమ్మ కనిపిస్తుంది. 2009లో దాన్ని ల్యాండ్‌మార్క్, అంటే కాపాడాల్సిన చారిత్రక కట్టడం, కింద ప్రకటించారు కాబట్టి బతికిపోయింది. పక్కన పాత కమ్యూనిటీ హౌస్, దాని పక్కన అయిదంతస్తుల అద్దె ఇల్లు. చర్చికి అటు పక్క మెడ నొప్పి పుట్టేంత ఎత్తు హోటల్. దాని ముందు సూట్‌కేసులతో నిలబడ్డ టూరిస్టులు చర్చి వైపు చూడరు. ఇన్నాళ్ళూ నేనూ చూడలేదు లెండి.

ఆఫెండమ్ ఈ పేట మీద ఒక పూర్తి ప్రదర్శనే తయారు చేశాడు. దాని పేరు 'లిటిల్ సిరియా'. తల మీద ఎర్రటి తార్బూష్ టోపీ పెట్టుకుని, హకవాతిలా కథ చెప్తాడు. హకవాతి అంటే సిరియా రాజధాని డమాస్కస్ కాఫీ హోటళ్ళలో సాయంత్రం పూట ఎత్తైన కుర్చీ మీద కూర్చుని పాత వీరుల కథలు చెప్పేవాడు. హీరో శత్రువుల చేతికి చిక్కగానే పుస్తకం మూసేస్తాడట, మిగతాది వినాలంటే రేపు మళ్ళీ రావాల్సిందే. ఆఫెండమ్ పక్కన రానీ మాలే అనే పాలస్తీనియన్ అమెరికన్ ఊద్ అనే తీగల వాద్యం వాయిస్తాడు. థాంక్స్ జోయీ అనే ఆయన బీట్లు చూసుకుంటాడు. నాకైతే మా ఒగ్గుకథే గుర్తొచ్చింది. ప్రధాన కథకుడు ఒక వరస అందుకోగానే పక్కవాళ్ళు డోలుతో, తాళంతో అందుకునే ఆ పద్ధతి చిన్నప్పుడు మల్లన్న జాతరల్లో చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. రాప్ అని భయపడి దూరంగా ఉన్నదాన్ని, కథ అనుకుని కూర్చునేసరికి అయిపోయేదాకా లేవలేదు.

ఇంకో తీగ కూడా తగిలింది. మాది హనుమకొండ. మా నాన్న బీరువాలో కాళోజీ గారి 'జీవన గీత' ఉండేది. లెబనాన్‌లో పుట్టిన కవి ఖలీల్ జిబ్రాన్ రాసిన 'ది ప్రాఫెట్'కి ఆయన చేసిన తెలుగు అది. మా నాన్న కాళోజీ గారిని "కాళన్న" అనే అనేవారు. ఆ పుస్తకంలో పెళ్ళి గురించి, పిల్లల గురించి ఉన్న మాటలు మా ఇంట్లో శుభలేఖల మీదికి కూడా ఎక్కాయి. ఆ జిబ్రాన్ న్యూయార్క్‌లో ఉండి రాశాడని తెలుసు గానీ, ఆయన అరబిక్ రచనలు అచ్చేసిన పత్రికలూ, ఆయనతో కలిసి సంఘం పెట్టిన రచయితలూ ఈ పేట చుట్టూ తిరిగినవాళ్ళేనని నాకు తట్టలేదు. హనుమకొండ బీరువాలోని పుస్తకానికీ నేను లంచ్‌కి నడిచే వీధికీ ఈ బంధుత్వం కలిపింది ఒక రాపర్ అంటే, మా నాన్న ఉండి ఉంటే పడి పడి నవ్వేవారు.

వేదిక దిగాక ఈయన చేసే పని నాకు ఇంకా నచ్చింది. సిరియాలో అంతర్యుద్ధం ముదిరాక, ఆ దేశ సరిహద్దుకి ఆనుకుని ఉన్న టర్కీ ఊరు రేహన్లీకి వేలమంది వచ్చి పడ్డారు. సిరియాలోని అలెప్పో మూలాలున్న ఆర్కిటెక్ట్ లీనా సెర్జీ అత్తార్ నడిపే కరమ్ ఫౌండేషన్, అక్కడి బడిలో పిల్లల కోసం శిబిరాలు పెట్టింది. బయటి దేశాల నుంచి చిత్రకారులు, డెంటిస్టులు, రచయితలు సొంతంగా వెళ్ళి కొన్ని రోజులు పిల్లలతో గడిపేవారు. ఆఫెండమ్ కూడా అలా వెళ్ళి ఆ పిల్లలతో కూర్చున్నాడు. విరాళాల కోసం కచేరీ చేసి చెక్కు అందించి ఫొటో దిగడం ఎవరైనా చేస్తారు, తప్పేం లేదు, అదీ కావాలి. బాంబుల్లోంచి వచ్చిన పిల్లల మధ్య కూర్చుని "నీ మాట నువ్వు చెప్పు" అనడానికి మాత్రం ఓపిక కావాలి.

ఆయన ఒక్కడే కాదు. డమాస్కస్‌లోని యార్ముక్ శరణార్థి శిబిరంలో పుట్టిన అన్నదమ్ములు యాసర్, మొహమ్మద్ జమూస్ 2007లోనే రెఫ్యూజీస్ ఆఫ్ రాప్ అనే బృందం పెట్టారు. యుద్ధంలో వాళ్ళ స్టూడియో పోయింది, 2013లో ప్యారిస్ చేరారు. అక్కడ పాడుతూనే కుర్రాళ్ళకి రాప్ రాయడం నేర్పిస్తున్నారు. పాలస్తీనా నుంచి వచ్చి సిరియాలో తలదాచుకున్న కుటుంబం, అక్కడి నుంచి మళ్ళీ శరణార్థులై ఫ్రాన్స్‌కి. ఇంత జరిగాక కూడా పక్కవాడికి నేర్పాలనే బుద్ధి ఎక్కడి నుంచి వస్తుందో!

ఇక మన సంగతి. ఇక్కడే నాకు కొంచెం మండుతుంది. ఏటా మన సంఘాలవాళ్ళు లక్షల డాలర్లు పోసి సినిమావాళ్ళని రప్పిస్తారు, పిల్లల చేత వాళ్ళ పాటలకే స్టెప్పులేయిస్తారు. సరే, సరదా. కానీ ఇక్కడ పుట్టిన పిల్లలకి "మనం ఈ దేశానికి ఎప్పుడొచ్చాం?" అనే ప్రశ్నకి వై2కే, అంటే 2000 నాటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల రోజులు, అనే జవాబు తప్ప ఇంకోటి తెలీదు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల్లోనే బోస్టన్‌లో దిగారు. తర్వాత పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనలు నడిపారు. అది మా ఇంటికి గంట దూరం. 1915లో సిరియన్లకి పౌరసత్వం ఇవ్వొచ్చని ఒక ఫెడరల్ కోర్టు తేల్చింది. 1923లో పంజాబ్ నుంచి వచ్చిన భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీం కోర్టు మనవాళ్ళకి కుదరదు పొమ్మంది. ఆ తలుపు తెరుచుకునేసరికి 1946 వచ్చింది. సుబ్బారావు గారు పౌరసత్వం తీసుకోకుండానే 1948లో న్యూయార్క్ రాష్ట్రంలోనే కన్నుమూశారు. ఇంత కథ మన ముంగిట్లో పెట్టుకుని, పిల్లలకి చెప్పడానికి ఏమీ లేనట్టు ఉంటాం.

మా తెలుగు బడిలో పెద్ద పిల్లలకి ఈ లిటిల్ సిరియా కథ చెప్పి, "మీ ఇంట్లో మొదట ఈ దేశం వచ్చినవాళ్ళ కథ రాసుకురండి, ప్రాసతో రాస్తే ఇంకా మంచిది" అన్నాను. తెలుగు, ఇంగ్లీషు ఎలా కలిపినా సరే అన్నాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడొకడు, వాళ్ళ నాన్న చదువుకునే రోజుల్లో రాత్రిళ్ళు గ్యాస్ స్టేషన్‌లో పనిచేసిన సంగతి రాశాడు. చలికి చేతులు కొంకర్లు పోతుంటే పప్పన్నం డబ్బాని హీటర్ మీద పెట్టుకునేవాడట. బీట్ మావాడు ఇచ్చాడు. సౌండ్ తగ్గించమని నేను అనలేదు.

ఆ రాత్రే పిల్లవాడి తండ్రి ఫోన్ చేశారు. "మేడమ్, వాడు బాగానే రాశాడు. కానీ అవన్నీ ఇప్పుడు స్టేజీ మీద ఎందుకండీ? అందరూ తెలిసినవాళ్ళే కదా" అన్నారు.

"తెలిసినవాళ్ళే కాబట్టే అన్నయ్యా. సగం మంది అక్కడ పనిచేసి వచ్చినవాళ్ళేగా" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "హీటర్ మీద కాదండీ, కాఫీ మెషిన్ మీద పెట్టేవాణ్ణి. వాడికి సరిగ్గా గుర్తు లేదు. అది మార్చమని చెప్పండి" అన్నారు.

ఉగాది ప్రోగ్రాంలో మాకు ఏడు నిమిషాలు ఇచ్చారు, సినిమా పాటల మెడ్లీ తర్వాత, భోజనాల ముందు. అదీ చివరి నిమిషంలో కోసేస్తారేమోనని కల్చరల్ కమిటీ వాళ్ళకి రోజూ వాట్సాప్‌లో గుర్తు చేస్తూనే ఉన్నాను.