పొద్దు పొడవక ముందే

ఇవాళ ఐదింటికే పొలం పోయి వచ్చాను. టార్చి వేసి మళ్లు చూసుకున్నాను. వరి పొట్ట మీదుంది. ఆ పచ్చదనం పగటి వెలుగులో చూసి రెండేళ్లయింది.

మొదట మెడ వెనకా ముంజేతుల మీదా దురద. చెమటకే అనుకున్నాం. తర్వాత ముఖం తోలు మందమై నల్లబడింది. తామర మందులు ఎన్ని పూసినా లాభం లేకపోయింది. చివరికి ఒక డాక్టరమ్మ నా చెవుల వెనకా గడ్డం కిందా వేలుపెట్టి చూసింది. ఎండ తగలని ఆ చోట్లు శుభ్రంగా ఉన్నాయి. వీపు మీద పట్టీలు అంటించి రెండు రోజులకు తీస్తే, వయ్యారిభామ అనే కలుపు మొక్క సారం పెట్టిన చోట ఎర్రగా ఉబ్బింది. జబ్బు పేరు క్రానిక్ ఆక్టినిక్ డెర్మటైటిస్, అంటే ఎండకు తోలు వాచి ఏళ్ల తరబడి వదలని జబ్బు. యాభై దాటిన మగవాళ్లలో, అందులోనూ ఎండలో పనిచేసిన వాళ్లలో ఎక్కువట. ఆ మొక్క ఒంటికి సరిపడకపోవడం ఒకటి, ఎండ సరిపడకపోవడం ఇంకొకటి. నాకు రెండూ ఉన్నాయి. ఎండిన మొక్క పొడి గాలికి వచ్చి తగిలినా చాలు, మంట మొదలవుతుంది. కిటికీ అద్దం కూడా ఎండలోని ఆ చెడు కిరణాలన్నిటినీ ఆపదు. బస్సులో నీడవైపు సీటే వెతుక్కుంటాను. ఒంట్లో రోగనిరోధక శక్తి జోరు తగ్గించే అజథయోప్రిన్ మాత్ర వేసుకుంటున్నాను, దానికోసం రక్తపరీక్షలు తప్పవు.

1950లలో పుణె దగ్గర కనబడిన మొక్క అది. ఇప్పుడు మా గట్లన్నీ అదే. నలభై ఏళ్లు వట్టి చేతులతో పీకాను, ఎవరూ వద్దనలేదు. అందుకే నిన్న కూలీలకు గ్లవ్స్ కొన్నాను. "గింత గడ్డికి గివెందుకు మామా" అంది ఒకామె. చొక్కా చేతులు పైకి మడిచి చూపించాను. ఇక మాట్లాడకుండా తొడుక్కుంది. పూత రాకముందే పీకెయ్యమని చెప్పాను.

మధ్యాహ్నమంతా తలుపు వేసుకుని ఇంట్లోనే. మా ఆవిడ బతుకమ్మ పేర్చింది, తంగేడూ గునుగూ మాత్రమే. బంతీ చేమంతీ ఆ వయ్యారిభామ కుటుంబమేనని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి అవి మా గడప తొక్కలేదు. "నిండుగనే ఉన్నది కదా" అని నా ముఖం చూసింది. నిజంగానే నిండుగా ఉంది, పసుపూ తెలుపూ వరసలు.

పొద్దుగూకాక చెరువు దగ్గరికి నేనూ వెళ్లాను. అందరి బతుకమ్మల్లో బంతులుంటాయి కదా, దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డాను. చీకట్లో ఏది మాదో పోల్చుకోలేకపోయాను. పాట మాత్రం చివరిదాకా విన్నాను.