పవర్ స్పెక్ట్రమ్ ఒకటే, బొమ్మలు మాత్రం వేరు

ఈ మధ్యంతా మన పక్కనున్న చిన్న గెలాక్సీ స్మాల్ మాగెల్లానిక్ క్లౌడ్ హైడ్రోజన్ మ్యాప్‌తోనే గడుస్తోంది, అదే హైడ్రోజన్ వెలువరించే 21 సెంటీమీటర్ల రేడియో గీతలో తీసినది. ఆ వాయువు అల్లకల్లోలంలో, అంటే టర్బులెన్స్‌లో, ఏ సుడి ఎక్కడ తిరుగుతుందో ముందే చెప్పడం కుదరదు కాబట్టి, 1941లో గణితవేత్త కొల్మొగొరోవ్ వేసిన దారిలోనే, ఏ సైజులో ఎంత శక్తి ఉందో సగటున లెక్కగడతాం, అదే పవర్ స్పెక్ట్రమ్. లాగ్ స్కేల్‌లో గీస్తే దాదాపు తిన్నని గీత వచ్చింది, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నా.

కానీ నన్ను నిజంగా కదిలించింది ఆ తర్వాతది. పవర్ స్పెక్ట్రమ్‌ని అలాగే ఉంచి, బొమ్మని అలలుగా విడదీస్తే ఏ అల ఎక్కడ పడుతుందో చెప్పే ఫేజులు మాత్రం ర్యాండమ్‌గా కలిపేసి బొమ్మ మళ్లీ గీశాను. పోగుల్లేవు, బుడగల్లేవు, అంతా మసక మసక మచ్చలే. గ్రాఫ్‌లో మాత్రం రెండూ అచ్చం ఒకటే!

అందుకే ఆ గీత వాలు ఒక్కటే చూసి ఇదీ టర్బులెన్స్ అని తేల్చేయడం నాకు నచ్చదు. ఫేజుల సంగతి కావాలంటే, మూడేసి అలల ఫేజులు ఎలా ముడిపడ్డాయో చూపే బైస్పెక్ట్రమ్ చూడాలి. ఏ సాంద్రత ఎంత మేర ఉందో చూపే హిస్టోగ్రామ్ కూడా చూడాలి: ధ్వని వేగాన్ని మించిన అల్లకల్లోలంలో అది లాగ్-నార్మల్‌కి (లాగ్ స్కేల్‌లో గంట ఆకారానికి) దగ్గరగా ఉంటుంది, వాయువుని ఒక్కసారిగా నొక్కేసే షాక్‌లు బలపడేకొద్దీ వెడల్పవుతుంది, గురుత్వం గెలిచిన దట్టమైన మేఘాల్లో అయితే ఎక్కువ సాంద్రత వైపు తోక సాగుతుంది. ఇక బైస్పెక్ట్రమ్ కోడ్ మొదలుపెడుతున్నా, ఎవరైనా వాడి ఉంటే చెప్పండి.