అమెరికా ఆఫర్ చేతిలో ఉండగా ఇంటర్ మార్కులు తగ్గితే

తిరుపతి, చిత్తూరు జూనియర్ కాలేజీల నుంచి ఇంటర్ కాగానే నేరుగా అమెరికాలో డిగ్రీకి వెళ్లే పిల్లలున్నారు. చాలామందికి ఆఫర్ మార్చి చివరికల్లా వచ్చేస్తుంది. సెకండియర్ ఫలితాలు ఏప్రిల్‌లో వస్తాయి. సీటు ఖాయం చేసుకోడానికి కట్టే డిపాజిట్‌కు చాలాచోట్ల మే 1 గడువు. ఫస్టియర్‌లో తొంభై శాతం దాటినవాళ్లు సెకండియర్‌లో డెబ్బైకి దిగినా, డిపాజిట్ కట్టేశాం కదా అని ఇంట్లో ధీమాగా ఉంటారు. ఆ ధీమా పనికిరాదు. ఆఫర్‌కు షరతులుంటాయి, ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్ (చివరి మార్కుల పత్రం) చూశాకే సీటు స్థిరపడుతుంది.

ముందు ఆఫర్ లెటర్‌లో షరతుల పేరా చదవండి. కొందరు కనీస సగటు చెబుతారు, కొందరు ఇదే స్థాయిలో చదువు కొనసాగాలని మాత్రమే రాస్తారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లైతే, చివరి ఏడాది డి (బాగా తక్కువ), ఎఫ్ (ఫెయిల్) గ్రేడ్లు వస్తే మీరే తెలియజేయాలంటాయి. స్కాలర్‌షిప్ షరతు వేరే కాగితంలో ఉంటుంది, దాన్నీ చూడండి. సీటు నిలిచి స్కాలర్‌షిప్ పోయినా చాలా ఇళ్లకు అది సీటు పోయినట్టే.

నాలుగైదు మార్కులు తగ్గితే భయం లేదు. సబ్జెక్టు ఫెయిలైనా, ఇంజినీరింగ్‌కు వెళ్లేవాళ్లకు మ్యాథ్స్, ఫిజిక్స్‌లో బాగా పడిపోయినా ప్రమాదమే. మన దగ్గర ఇంకో చిక్కుంది. చదువు మధ్యలో యూనివర్సిటీకి పంపే మిడ్ ఇయర్ రిపోర్టులో కాలేజీ ప్రీ ఫైనల్ మార్కులు వేసి పంపుతుంది. అందులో 95 ఉండి, బోర్డు మెమోలో 68 ఉంటే, అడ్మిషన్ ఆఫీసు ఆ తేడాకు కారణం అడుగుతుంది.

మార్కుల మీద నిజంగా అనుమానముంటే రీకౌంటింగ్‌కో రీ వెరిఫికేషన్‌కో కట్టండి. గడువు కొద్ది రోజులే. రీకౌంటింగ్‌లో కూడిక మాత్రమే చూస్తారు. రీ వెరిఫికేషన్‌లో జవాబు పత్రం స్కాన్ కాపీ వస్తుంది, దిద్దకుండా వదిలేసిన జవాబులు బయటపడతాయి. అంతేగాని పేపర్ మళ్లీ దిద్దరు. ఫెయిలైతే మేలో సప్లిమెంటరీ ఉంది. దాని మెమో ఆగస్టులో క్లాసులు మొదలయ్యేలోపే చేతికొస్తుంది.

ఈలోగా యూనివర్సిటీకి మెయిల్ పెట్టండి. వాళ్లు మెమో చూసి అడిగేదాకా ఆగొద్దు. పిల్లలే రాయాలి, తల్లిదండ్రులో కన్సల్టెన్సీ వాళ్లో కాదు. సబ్జెక్ట్ లైన్‌లో పేరు, అప్లికేషన్ ఐడీ. మొదటి వాక్యంలోనే ఏ సబ్జెక్టులో ఎన్ని వచ్చాయో చెప్పేయండి. తర్వాత రెండు మూడు వాక్యాల్లో కారణం. డెంగీతో రుయాలోనో స్విమ్స్‌లోనో చేరి ఉంటే డిశ్చార్జ్ సమ్మరీ జతచేయండి. కారణమేమీ లేకపోతే, జేఈఈ మీద పడి బోర్డు చదువు వదిలేశానని ఉన్నదున్నట్టు రాయండి. దొంగ మెడికల్ సర్టిఫికెట్ దొరికిందంటే ఇక ఏ మార్కులూ కాపాడవు. చివర్లో ఇప్పుడేం చేస్తున్నారో రాయండి: సప్లిమెంటరీ ఫీజు కట్టిన రసీదు, వేసవిలో చేస్తున్న మ్యాథ్స్ కోర్సు లాంటివి. మొత్తం ఒక పేజీ దాటొద్దు. ప్రిన్సిపాల్ మీకోసం రాసే ఉత్తరం కాలేజీ అధికారిక మెయిల్ నుంచే వెళ్లాలి.

వారం దాటినా జవాబు రాకపోతే ఫోన్ చేయండి. మనకు సాయంత్రం ఏడంటే వేసవిలో న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదిన్నర.

జవాబు రకరకాలుగా రావచ్చు. మరిన్ని కాగితాలు అడగొచ్చు, మొదటి సెమిస్టర్ ప్రొబేషన్‌లో (మార్కులపై నిఘాతో) పెట్టొచ్చు, ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు. వెనక్కి తీసుకుంటే, స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రం కూడా చెల్లదు. అందుకే ఇక్కడి ఇంజినీరింగ్ సీట్ల కోసం ఈఏపీసెట్ రాసి ఉంటే, యూనివర్సిటీ నుంచి చివరి మాట రాతపూర్వకంగా వచ్చేదాకా కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్ వదులుకోవద్దు.