నూటికి ఎంత?

2024 సెప్టెంబరులో వాషింగ్ మెషీన్ కొన్నాను. 24,000 రూపాయలు, క్రెడిట్ కార్డు మీద. బిల్లు వచ్చేసరికి పిల్లాడి స్కూలు ఫీజు, అత్తయ్య కంటి ఆపరేషన్ ఖర్చు రెండూ ఒకేసారి నెత్తిన పడ్డాయి. బిల్లులో మొత్తం కింద 'మినిమమ్ డ్యూ 1,200' అని, అంటే కనీసం కట్టాల్సింది అంత అని కనిపించింది. అమ్మయ్య, ఈ నెలకు గండం గడిచింది అనుకుని ఆ 1,200 కట్టేశాను.

తర్వాత నెల బిల్లు తెరిస్తే కట్టాల్సింది 24,087 అని ఉంది. 24,000 బాకీలో 1,200 కడితే 22,800 ఉండాలి కదా, పెరగడమేంటని నాలుగైదు సార్లు చూశాను. వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి దాదాపు 1,290 వేశారు. అంటే నేను కట్టిన దానికంటే వాళ్ళు వేసిందే ఎక్కువ. అయినా అప్పుడు కూడా నాకు తెలివి రాలేదు, నాలుగు నెలలు అలాగే మినిమమ్ కట్టుకుంటూ పోయాను, మధ్యలో అదే కార్డు మీద ఇంటి సరుకులు కూడా తెచ్చాను, సంక్రాంతికి పాకాల దగ్గర మా ఊరికి వెళ్ళేసరికి బాకీ 31,000 దాటింది.

నాయన పంచలో కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నాడు. నా మొహం చూసి ఏమైందని అడిగితే చెప్పేశాను. ఆయనకు క్రెడిట్ కార్డు అంటే ఏందో తెలియదు. కానీ అడిగిన మొదటి మాట మాత్రం "నూటికి ఎంత పాపా?" అని. నాకు తెలియలేదు. నాలుగు నెలలుగా వడ్డీ కడుతున్నాను, అది నూటికి ఎంతో తెలియదు! ఫోన్లో స్టేట్‌మెంట్ తెరిచి, పెద్దది చేసి, చివర్లో చిన్న అక్షరాల్లో వెతికితే దొరికింది. నెలకు 3.5 శాతం.

"మూడున్నరా? మన ఊర్లో ఎవురైనా నూటికి మూడున్నర అడిగితే వాడి గడప తొక్కుతామా?" అన్నాడు నాయన. చేతిలోని శనక్కాయలు చేటలో పడేసి వేళ్ళ మీద లెక్క వేశాడు. ఏడాదికి నూటికి నలభై రెండు. ఊర్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చినా ఇరవై నాలుగే కదా అన్నాడు. నేను తిరుపతిలో ఏసీ ఆఫీసులో కూర్చుని, ఊర్లో వడ్డీవ్యాపారి కంటే ఎక్కువ వడ్డీ కడుతున్నానని ఆ రోజు దాకా తెలియలేదు, ఎందుకంటే అది ఆ భాషలో నాకెవరూ చెప్పలేదు.

పండగ అయిపోయిన మర్నాడే బ్యాంకులో రెండు గాజులు పెట్టి బంగారం లోను తీసుకున్నాను. ఏడాదికి తొమ్మిది, పది శాతం మధ్య, అంటే నూటికి నెలకు ఎనభై పైసలు. అదే రోజు కార్డు బాకీ మొత్తం తీర్చేశాను. గాజులు ఏడు నెలల్లో విడిపించుకున్నాను. బంగారం తాకట్టు పెట్టడం నామోషీ అనుకునే వాళ్ళు మా ఇంట్లోనూ ఉన్నారు, అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. కానీ మూడున్నర రూపాయల అప్పును ఎనభై పైసల అప్పుగా మార్చుకోవడంలో నామోషీ ఏముంది?

కార్డు వాడే వాళ్ళందరూ ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. బిల్లు మొత్తం గడువులోపు కడితేనే వడ్డీ ఉండదు. ఒక్క నెల మినిమమ్ కట్టి మిగతాది వదిలేశారా, వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, కొన్న తేదీ నుంచే లెక్క వేస్తారు. పైగా ఆ బాకీ ఉన్నంత కాలం కొత్తగా కొన్న వాటికి కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఏటీఎంలో కార్డు పెట్టి డబ్బు తీస్తే ఎప్పుడైనా అంతే, ఆ రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు కూడా. నా కార్డు ఇప్పటికీ ఉంది. మొత్తం బిల్లు అకౌంట్ నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యేలా పెట్టుకున్నాను. ఆ ఆప్షన్ పెట్టేటప్పుడు 'టోటల్ డ్యూ' ఎంచుకోవాలి, పొరపాటున 'మినిమమ్ డ్యూ' పెట్టుకుంటే మళ్ళీ కథ మొదటికే వస్తుంది.

అప్పటి నుంచి నాయన అడిగిన మాటే అన్నిటికీ అడుగుతున్నాను. అంగడికి పోయినా అదే. నూనె ప్యాకెట్లు చూడండి, పక్కపక్కనే ఒకే సైజులో ఉంటాయి, ఒకటి పది రూపాయలు తక్కువ. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు ఉంటుంది. ఆ తక్కువ ధర ప్యాకెట్ తిప్పి చూస్తే 850 గ్రాములే అని ఉండొచ్చు. ఇప్పుడు ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ దగ్గరే గ్రాముకు ఇంత, మిల్లీలీటరుకు ఇంత అని కూడా వేస్తున్నారు, యూనిట్ సేల్ ప్రైస్ అంటారు. నేను చూసేది ఆ అంకె ఒక్కటే. పెద్ద ప్యాక్ ఎప్పుడూ చవక అనుకోవడం కూడా తప్పేనని దాన్ని చూశాకే తెలిసింది, మేము వాడే సబ్బు పొడి కిలో ప్యాకెట్ కంటే రెండు అరకిలో ప్యాకెట్లే తక్కువకు వస్తున్నాయి.

కూరగాయలకు ఆదివారం పొద్దున రైతు బజారుకే పోతాను. అక్కడ రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి, బేరం గొడవ లేదు. మదనపల్లె టమాటా మార్కెట్ మనకు ఇంత దగ్గర ఉన్నా 2023 జూలైలో టమాటా కిలో నూరు దాటినప్పుడు మనం కూడా అందరిలాగే కొనుక్కున్నాం కదా. అందుకే రేటు పడిపోయినప్పుడు పది కిలోలు తెచ్చి, ముక్కలు కోసి ఉప్పు చల్లి మిద్దె మీద ఎండబెడతాను. మన ఎండకు మూడు రోజులు చాలు.

ఇక ఫోన్‌పే, గూగుల్‌పే సంగతి. వీటిలో వడ్డీ లేదు, మనకు ఛార్జీ కూడా లేదు, కానీ నా డబ్బు ఎక్కువగా కారిపోయింది ఇక్కడే. ఒక నెల స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి పెన్నుతో ఒక్కొక్కటే గుర్తు పెట్టాను. మొత్తం 143 పేమెంట్లు. అందులో నూరు రూపాయల లోపువే 96. వాటిని కూడితే 4,312 వచ్చింది. లీలామహల్ సర్కిల్ దగ్గర టీ, సాయంత్రం బజ్జీలు, ఆటో, పిల్లాడి చాక్లెట్. ఏ ఒక్కటీ తప్పు ఖర్చు కాదు. కానీ పర్సులోంచి నోటు తీసి ఇస్తే మిగిలిన నోట్లు కంటికి కనపడతాయి, స్కాన్ చేస్తే అంగట్లో పెట్టిన స్పీకర్ డబ్బాలోంచి ఇన్ని రూపాయలు అందాయని గొంతు వినపడుతుంది, అంతే, నా దగ్గర ఎంత మిగిలిందో ఎవరూ చెప్పరు.

టీ మానెయ్యలేదు. ఇంకో బ్యాంకులో వాడకుండా పడి ఉన్న అకౌంట్‌ను యూపీఐకి పెట్టుకుని, జీతం పడే అకౌంట్‌ను ఆ యాప్‌లోంచి తీసేశాను. ప్రతి ఆదివారం రాత్రి చిన్న ఖర్చులకని 1,200 అందులోకి పంపుతాను. గురువారానికి 200 మిగిలితే ఆ 200తోనే శనివారం దాకా. మొదటి నెల కష్టమే అయ్యింది, రెండు సార్లు మధ్యలో డబ్బు వేసుకున్నాను, మూడో నెలకు అలవాటైంది. ఇందులో ఇంకో మంచి కూడా ఉంది. ఎవరైనా మోసం చేసినా పోయేది ఆ 1,200 లోపే, జీతం కాదు. (డబ్బు మనకు రావాలంటే పిన్ కొట్టక్కర్లేదు, స్కాన్ చెయ్యక్కర్లేదు. ఎవరైనా చెయ్యమన్నారంటే అది మోసమే. పొరపాటున పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఆలస్యమయ్యే కొద్దీ తిరిగి వచ్చే ఆశ తగ్గుతుంది.) అదే యాప్‌లో ఆటోపే అని ఒకటి ఉంటుంది, వెళ్ళి చూడండి. నాది చూస్తే ఎప్పుడో ఐపీఎల్ కోసం తీసుకున్న సబ్‌స్క్రిప్షన్ ఇంకా నెలనెలా కట్ అవుతోంది.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు కదా. నేను రోజూ చంద్రగిరి నుంచి తిరుపతికి వచ్చి పోతాను, నెలకు వెయ్యి దాకా మిగలాలి. రెండు నెలల తర్వాత చూస్తే ఆ వెయ్యి ఎక్కడా లేదు. దాచానని అనుకున్నాను గానీ ఎక్కడ దాచాను? అకౌంట్లోనే ఉంటే అది ఏదో ఒక దాంట్లో కలిసిపోతుంది. అప్పుడు పోస్టాఫీసులో నెలకు వెయ్యి చొప్పున ఐదేళ్ళ ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) కట్టడం మొదలుపెట్టాను. జీతం పడిన మర్నాడే పోతుంది. నేను చేరినప్పుడు వడ్డీ 6.7 శాతం, మనం కట్టేది 60,000 అయితే చివర్లో చేతికి వచ్చేది 71,000 పైన. నూటికి నెలకు యాభై ఆరు పైసలే, తక్కువే. కానీ ఇంతకుముందు ఆ డబ్బు బస్సుకు పోయేది, ఇప్పుడు నా పేరు మీద పాస్‌బుక్‌లో ఉంది.

పోయిన వారం తమ్ముడు ఫోన్ చేశాడు. కొత్త ఫోన్ 18,000, నో కాస్ట్ ఈఎంఐ, నెలకు 3,000 చొప్పున ఆరు నెలలు, వడ్డీ లేదక్కా అన్నాడు. మొత్తం ఒకేసారి కడితే ఎంతకు ఇస్తారో అడగమన్నాను. అంగట్లోంచే అడిగి చెప్పాడు, 16,800కు ఇస్తారంట. ప్రాసెసింగ్ ఫీజు 199, జీఎస్టీతో 235. అంటే వాడికి నిజంగా దొరికే అప్పు 16,800, తిరిగి కట్టేది 18,235, తేడా 1,435. నెలనెలా బాకీ తగ్గుతూ పోతుంది కాబట్టి ఆరు నెలల్లో సగటున వాడి మీద ఉండే అప్పు 9,800. నెలకు 240 చొప్పున దాని మీద వడ్డీ అనుకుంటే నూటికి దాదాపు రెండు రూపాయల నలభై పైసలు. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ మాట వాడికి అక్కర్లేకపోయింది, నూటికి రెండు నలభై అనగానే అర్థమైంది, వాడూ నాయన కొడుకే కదా.

ఇప్పటికి కొత్త ఫోన్ కొనలేదు. గాంధీ రోడ్డులో పాత ఫోన్‌కు బ్యాటరీ మార్పించుకున్నాడు, 1,100 అయ్యింది, ఒకేసారి ఇచ్చేశాడు.