చెవుల్లో మోత, 19 ఏళ్ళ గ్యాప్

పోయిన నెల మా బాబాయి కొడుకు పెళ్ళి ఊరేగింపులో డీజే బాక్సుల పక్కనే నడిచా, ఇంటికొచ్చి పడుకుంటే చెవుల్లో గుయ్‌మని ఒకటే మోత, రెండ్రోజులకి గానీ తగ్గలా. ఆ రెండ్రోజులూ రోజర్ మిల్లరే గుర్తొచ్చాడు.

మిషన్ ఆఫ్ బర్మా అనే అమెరికన్ రాక్ బ్యాండ్ గిటారిస్ట్ ఆయన. బర్మా అనగానే మనకి రంగూన్, బర్మా కాలనీలు గుర్తొస్తాయి గానీ వీళ్ళకి ఆ దేశంతో ఏ చుట్టరికమూ లేదు, బేస్ వాయించే క్లింట్ కాన్లీ న్యూయార్క్‌లో ఏదో బిల్డింగ్ మీద బోర్డు చూసి ఆ పేరు పెట్టేశాడంతే. 1979లో బోస్టన్‌లో మొదలెట్టారు, డ్రమ్స్ పీటర్ ప్రెస్కాట్. నాలుగోవాడు మార్టిన్ స్వోప్ ఉన్నాడే, అసలు స్టేజ్ ఎక్కేదే తక్కువ! సౌండ్ మిక్సర్ దగ్గర టేప్ మెషీన్ పెట్టుక్కూర్చుని, వీళ్ళు వాయించేదాన్ని అప్పటికప్పుడు రికార్డ్ చేసి, తిప్పి మార్చి మళ్ళీ ఆ పాటలోకే వదిలేవాడు, లాప్‌టాప్‌ల ఊసే లేని రోజుల్లో. నన్నడిగితే బ్యాండ్‌కి ప్రాణం ఆయనే.

ఏస్ ఆఫ్ హార్ట్స్ అని బోస్టన్‌లోనే ఓ చిన్న రికార్డు కంపెనీ, దాన్లో 1980లో 'అకాడమీ ఫైట్ సాంగ్' అనే సింగిల్, 1981లో ఒక ఈపీ, అంటే చిన్న సైజు ఆల్బమ్, 1982లో 'వర్సెస్' ఆల్బమ్, అంతే. అప్పటికే మిల్లర్‌కి టినిటస్, అదే చెవుల్లో ఆగని మోత, ముదిరిపోయింది. తుపాకీ ప్రాక్టీస్ చేసేవాళ్ళు చెవులకి పెట్టుకుంటారు చూడండి, అవి తగిలించుకుని మరీ వాయించాడు పాపం, అయినా లాభం లేక 1983లో ఆపేశారు. సరిగ్గా పేరొస్తున్న టైమ్‌లో.

తర్వాత ఆర్.ఇ.ఎమ్. అనే పెద్ద రాక్ బ్యాండ్ వాళ్ళు ఆ 'అకాడమీ ఫైట్ సాంగ్' వాయించారు, 1996లో మోబీ అనే మ్యుజీషియన్ వీళ్ళదే ఇంకో పాట చేశాడు, కాన్లీ మాత్రం టీవీ ప్రొడ్యూసర్ అయిపోయి కూర్చున్నాడు.

2002లో మళ్ళీ కలిశారు! స్వోప్ రాలేదు, ఆ టేపుల పని బాబ్ వెస్టన్ అందుకున్నాడు. రీయూనియన్ అంటే పాత పాటలు నాలుగు వాయించి డబ్బులు తీసుకెళ్ళిపోవడమేగా అని నాకో చిన్నచూపు ఉండేది, వీళ్ళేమో 2004 నుంచి 2012 లోపు నాలుగు కొత్త ఆల్బమ్‌లు చేశారు, అందులో 2006లో వచ్చిన 'ది ఆబ్లిటరాటి' అయితే కుర్రాళ్ళు కూడా కొట్టలేనంత గట్టిగా కొట్టారు. మిల్లర్ చెవులకి మాత్రం కవచం అలాగే ఉండేది.

వచ్చే నెల ఇంకో పెళ్ళుంది, మెడికల్ షాపులో ఇయర్‌ప్లగ్స్ అడిగితే అబ్బాయి దూది చేతిలో పెట్టాడు.