సవర పిల్లల లెక్క

బెంగళూరులో కూతురి దగ్గరుంటూ, మా అపార్ట్‌మెంట్ పిల్లలకి ఆదివారాలు తెలుగు చెబుతున్నాను. ఏ పుస్తకం చెప్పాలో, ఎంత హోంవర్క్ ఇవ్వాలో తల్లులే కూర్చుని తేల్చుకున్నారు. పిల్లలు అమ్మమ్మలతో తెలుగులో మాట్లాడాలని వాళ్ల ఆరాటం. అది చూస్తుంటే ఉత్తరాంధ్రలో నేను పంతులమ్మగా పనిచేసిన గిరిజన ప్రాంతం, సీతంపేట ఏజెన్సీ గుర్తొస్తుంది. అక్కడి సవరలు సవర అనే సొంత భాష ఉన్న గిరిజనులు. ఆ సవర తల్లులను అలా కూర్చోబెట్టి అడిగిన వాళ్లు లేరు.

ఒకసారి బడి తనిఖీకి వచ్చినాయన పదమూడు చింతగింజలు పేర్చమన్నారు. ఒక పిల్ల పన్నెండు ఒక కుప్పగా పోసి, ఒక గింజ విడిగా పెట్టింది. తప్పన్నారాయన. మా సవర మాస్టారు వెంటనే, "సరిగ్గానే పెట్టిందండీ. మా లెక్కలో పన్నెండు దాటితే పన్నెండూ ఒకటి, పన్నెండూ రెండు అంటాం. ఇరవై దాకా అంతే. ముప్ఫైమూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి" అన్నారు. ఆ కుప్పని కదపకుండా, పక్కనే ఇంకో పదమూడు గింజలు పోసి, సవరలోనే మాట్లాడుతూ పదీ మూడుగా పేర్పించారు. ఆ పిల్లకి రెండు లెక్కలూ వచ్చేశాయి. తెలుగొక్కటే వచ్చిన మాలాంటి వాళ్లకి అది చేతనయ్యే పని కాదు.

గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. సభల్లో వాడుక భాష గురించి ఎంతసేపైనా మాట్లాడతాం, సవర బడుల ఊసెత్తేవాళ్లు తక్కువ. నాకది నిజంగా బాధ.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 గిరిజన భాషల్లో చదువు మొదలైంది. మంచి పని. కానీ వాచకం చేతికిస్తే సరిపోతుందా, చెప్పేవాళ్లు ఆ గూడేల వాళ్లు కావద్దూ? ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో 3వ నంబరు జీవో వచ్చింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు మాత్రం నిలిచాయి. ఆ పోస్టులు మళ్లీ స్థానిక గిరిజనులకే దక్కేలా చట్టం చేయమని గిరిజన సంఘాలు అడుగుతున్నాయి. నేనూ వాళ్ల పక్షమే. నూరు శాతం కుదరదంటే, సవర వచ్చినవాళ్లే ఒకటో తరగతి చెప్పాలని నియమం పెట్టొచ్చు. ఆ నియమం ఎలా ఉండాలో రాసేటప్పుడు ముందు గూడేల తల్లిదండ్రులను పిలవాలి.